నాటకం చూడటానికి ఓటీపీ ఎందుకు? విశాఖ సాంస్కృతిక సంస్థలకు, అధికారులకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలోని సాంస్కృతిక సంస్థల నిర్వాహకులకు, ఆడిటోరియంలు నడిపేవారికి, నగర పాలక, సాంస్కృతిక, గ్రంథాలయ శాఖల అధికారులకు,

నమస్కారం.

నేను 33 ఏళ్లు తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. నాకు 69 ఏళ్లు. సీతమ్మధార వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. మా వీధిలోనూ పక్క వీధుల్లోనూ ఉన్న 23 మంది పెద్దవాళ్లం నాలుగు సాయంత్రాలు కూర్చుని మాట్లాడుకున్న విషయాలు ఇవి. రాసే పని నాకు అప్పజెప్పారు.

ఊళ్లో జరిగే సభలు, నాటకాలు, కచేరీలు ఫోను పద్ధతుల వల్ల పెద్దవాళ్లకి అందకుండా పోతున్న సంగతి మీద కిందటి కార్తీకంలో ఒక అర్జీ ఇచ్చాం. రసీదు ఇచ్చారు. సంక్రాంతి వెళ్లాక మళ్లీ ఇస్తే ఆన్‌లైన్‌లో పెట్టమన్నారు. ఎండాకాలంలో నలుగురం ఆటో కట్టించుకుని స్వయంగా వెళ్లాం, కాగితం తీసుకుని పక్కన పెట్టారు. ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను. అది ఏ ఆఫీసో, ఏ సంస్థో పేరు పెట్టి రాయడం లేదు. ఒకరిని నిలదీస్తే ఒక్కచోటే మారుతుంది, ఈ ఇబ్బంది మాత్రం ఊరంతా ఉంది.

ముందు జరిగింది చెబుతాను.

కిందటి చలికాలంలో ఊళ్లో ఒక పద్యనాటకం వేశారు. ప్రవేశం ఉచితమే, కానీ ఫోన్లో వచ్చిన లింకు నొక్కి పేరు నమోదు చేసుకుంటే వచ్చే క్యూఆర్ కోడ్ గేటు దగ్గర చూపించాలి. నా పేరు నేను నమోదు చేసుకున్నాను. మా పక్క ఫ్లాట్ మాస్టారికి మాత్రం కుదరలేదు. ఆయనకి 76. పోర్టులో పనిచేసి రిటైరయ్యారు, మా వీధిలో చాలామందికి లెక్కలు చెప్పారు గనుక అందరం మాస్టారనే పిలుస్తాం. ఆయన ఫోన్లో ఉన్న సిమ్ కొడుకు కొన్నది. నమోదు చేసేటప్పుడు ఆయన అలవాటుగా తన పాత నంబరు ఇచ్చారు, ఆ నంబరు ఇప్పుడు హైదరాబాదులో కొడుకు దగ్గర ఉంది. ఓటీపీ అక్కడికి వెళ్లింది. కొడుకు మీటింగులో ఉన్నాడు. సరే, గేటు దగ్గర చెప్పుకుందాంలే అని మాస్టారు, వాళ్ల ఆవిడ, నేను ముగ్గురం వెళ్లాం.

"క్యూఆర్ లేకపోతే పంపకూడదన్నారు ఆంటీ" అన్నాడు గేటు దగ్గరున్న కుర్రాడు. వాడి తప్పేమీ లేదు, చెప్పింది చేస్తున్నాడు. తలుపు తీసినప్పుడల్లా వెనక వరసల్లో ఖాళీ కుర్చీలు కనిపిస్తూనే ఉన్నాయి. లోపల హార్మోనియం మొదలైంది. మాస్టారు వయసులో ఉన్నప్పుడు పోర్టు ఉద్యోగుల నాటకాల్లో కృష్ణుడి వేషం కట్టినవారు. ఆ శ్రుతి వినగానే గొంతు సవరించుకున్నారు. పదినిమిషాలు అలా నిలబడి, "పదండమ్మా, చలిగా ఉంది" అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఎవరం మాట్లాడుకోలేదు. ఆ తరవాత ఆయన ఏ ప్రోగ్రాముకీ రాలేదు. పిలిస్తే "నాకెందుకులే" అంటున్నారు.

రెండో సంగతి మా పై అంతస్తు మామ్మగారిది. ఆవిడకి 86. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, మోకాళ్లు మడవడం లేదు. 2020లో అన్నీ మూసేశాక కచేరీలు ఫోన్లోకి వచ్చాయి. ఆవిడకి అది పండగ అయింది. అంతకుముందు ఏడేళ్లుగా ఆవిడ కచేరీ అన్నది చూడలేదు మరి. తిరుమల నాదనీరాజనం వేదిక మీద సుందరకాండ పారాయణం ఎస్వీబీసీలో ప్రత్యక్షంగా వస్తుంటే రోజూ స్నానం చేసి, దీపం పెట్టి, టీవీ ముందు పుస్తకం పట్టుకుని కూర్చునేవారు. మన ఊరి సంగీతోత్సవం యూట్యూబులో వస్తే నా ఫోను గ్లాసుకి ఆనించి పెట్టి, తొడ మీద తాళం వేసుకుంటూ, గాయకుడు తప్పటడుగు వేస్తే నావైపు చూసేవారు. హాళ్లు తెరిచాక ఒకటి రెండేళ్లు ఆ ప్రసారం నడిచింది, తరవాత ఆపేశారు. "ఏటమ్మా, ఈ ఏడు కూడా ఫోన్లో రాదా?" అని ఉత్సవం దగ్గరపడుతుంటే అడుగుతారు. మూడేళ్లుగా ఒకటే జవాబు చెబుతున్నాను.

మీకు అర్థమయ్యే ఉంటుంది. మాస్టారికి ఫోను అడ్డం వచ్చింది, మామ్మగారికి ఆ ఫోనే దిక్కయింది. మీరు అడ్డం వచ్చేదాన్ని ఉంచి, దిక్కయినదాన్ని తీసేశారు. మా ఫిర్యాదంతా ఇదే. దీనివల్ల మామూలు మనుషులకి ఏమవుతోందో వరసగా చెబుతాను.

1. ఊళ్లో ఏం జరుగుతోందో పెద్దవాళ్లకి తెలియడం లేదు. ఒకప్పుడు ఆహ్వాన పత్రిక ఇంటికి వచ్చేది, లేకపోతే పేపర్లో "నగరంలో నేడు" చూసుకునేవాళ్లం. ఇప్పుడు వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ పెట్టి ఊరుకుంటున్నారు. "ఈమధ్య మన ఊళ్లో హరికథలు, నాటకాలు బొత్తిగా తగ్గిపోయాయి" అని మా గుంపులో ఒకాయన అంటే, అదే సాయంత్రం ఊళ్లో రెండు చోట్ల సభలు జరుగుతున్నాయని నా ఫోన్లో చూపించాల్సి వచ్చింది. రెండూ బటన్ ఫోను వాడే ఆయనకి చేరలేదు.

2. లింకు అంటేనే భయం. "డిజిటల్ అరెస్ట్" పేరుతో జరుగుతున్న మోసాల గురించి 2024 అక్టోబరు మన్‌కీ బాత్‌లో ప్రధానమంత్రే హెచ్చరించారు. మోసపోతే 1930కి ఫోన్ చేయమని పోలీసులు చెబుతున్నారు. తెలియని లింకు నొక్కద్దు, ఓటీపీ ఎవరికీ చెప్పద్దు అని పిల్లలు మాతో ఒట్టు వేయించుకున్నారు. మీరేమో లింకు పంపి, నొక్కి ఓటీపీ ఇవ్వమంటున్నారు. మోసగాడి లింకుకీ మీ లింకుకీ తేడా 80 ఏళ్ల మనిషి ఎలా కనిపెట్టాలి? జీవితమంతా దాచుకున్న డబ్బు ఆ ఫోన్లోనే ఉంది. నాటకం కోసం అంత టెన్షన్ ఎవరు పడతారు? మానేసి ఇంట్లో కూర్చుంటారు.

3. హాలుకి వచ్చినవాళ్లకి కూడా మాట అందడం లేదు. ఇది బయటికి కనిపించని కష్టం. వినికిడి మిషను మనిషి మాటనే కాకుండా ఫ్యాన్ల హోరునీ, దగ్గునీ, కుర్చీల కిర్రునీ కూడా పెంచుతుంది. పద్యం రాగం తెలుస్తుంది, మాట తెలియదు. పద్యంలో మాట పోతే మిగిలేదేముంది? మా 23 మందిలో తొమ్మిది మందికి వినికిడి తగ్గింది. ఆ తొమ్మిది మందిలో ఆరుగురు సాహిత్య సభలకి వెళ్లడం మానేశారు. నలుగురూ నవ్వుతున్నప్పుడు ఎందుకు నవ్వుతున్నారో తెలియక తనూ నవ్వాల్సి రావడం చిన్నతనంగా ఉంటుందని వాళ్లలో ఒకావిడ చెప్పింది.

4. ఒంటరితనం ఒంటి మీదకి వస్తోంది. స్టీల్ ప్లాంటు, పోర్టు, షిప్‌యార్డు, రైల్వే, యూనివర్సిటీ కొలువులు చేసి రిటైరైనవాళ్లు నిండిన ఊరు మనది. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటారు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకూ గడవడమే కష్టం, సీరియళ్లు ఎన్నని చూస్తాం? ఇది మనసుకి సంబంధించిన బాధే అనుకుంటారేమో. 2025 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు, ఏటా 8 లక్షల 71 వేల మరణాలకు దానితో సంబంధం ఉంది. ఇంగ్లండులో 50 ఏళ్లు దాటిన 6,710 మందిని 14 ఏళ్లపాటు గమనించి 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన అచ్చువేశారు. నాటకాలకి, కచేరీలకి, మ్యూజియంలకి కొన్ని నెలలకోసారైనా వెళ్లేవాళ్లలో, అసలు వెళ్లనివాళ్లతో పోలిస్తే మరణ ప్రమాదం 31 శాతం తక్కువగా కనిపించింది. ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్లినవాళ్లలో కూడా 14 శాతం తక్కువ. కచేరీ వినడంవల్లనే బతికారని ఆ పరిశోధకులు తేల్చి చెప్పలేదు, నేనూ చెప్పను. కానీ డబ్బు, చదువు, జబ్బులు లాంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా మిగిలింది. కాలక్షేపం వ్యవహారంలే అని తీసిపారేసే ముందు ఈ అంకెలు ఒక్కసారి చూడమని ప్రార్థన.

5. మీరు పోగొట్టుకుంటున్నదీ ఉంది. జముకుల కథ, తప్పెటగుళ్లు, దంపుళ్ల పాటలు, నోము కథలు, పెళ్లిలో వియ్యాలవారి పాటలు పుస్తకాల్లో కంటే ఎక్కువగా మా తరం నోళ్లలోనే ఉన్నాయి. ఇక్కడికి గంట ప్రయాణంలో ఉన్న విజయనగరం ఆదిభట్ల నారాయణదాసు గారి హరికథ విన్న ఊరు. ఆయన హరికథ విన్న తాతల దగ్గర కూర్చుని ఆ కబుర్లు విన్నవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. మా మామ్మగారికి పెళ్లి పాటలే 40 దాకా వచ్చు. ఆవిడ గొంతు ఏ యంత్రంలోనూ లేదు, ఈమధ్య నేను నా ఫోన్లో పట్టిన 11 పాటలు తప్ప.

పెద్దవాళ్లకి ఫోన్లు రావులే అని మీలో కొందరు అనుకుంటున్నారు. మూడో అర్జీ ఇచ్చినప్పుడు ఒకరు నాతో ఆ మాటే అన్నారు. అది నిజం కాదు. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చింది, ఇప్పుడు పెన్షనర్లు ఫోన్లో ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేస్తున్నారు. బెంగళూరులో కొడుకు దగ్గరికి వెళ్లిపోయిన మా స్నేహితురాలు న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో మన విశాఖ ఆకాశవాణి పెట్టుకుని వంట చేసుకుంటుంది. 1963 నుంచి ఈ ఊరికి తోడుగా ఉన్న రేడియో ఇప్పుడు పరాయి ఊళ్లో ఆమెకి తోడుంది. లాక్‌డౌన్‌లో మేం పదహారు మందిమి వీడియో కాల్‌లో విష్ణు సహస్రనామం మొదలుపెట్టాం. మొదటి రోజు గందరగోళమైపోయింది. ఒకరి గొంతు ఇంకొకరికి కొంచెం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి కాల్‌లో అందరూ కలిసి చదవడం కుదరదు. మర్నాడు ఒకరు బయటికి చదవడం, మిగతావాళ్లు మైకు ఆపుకుని తమ ఇంట్లో గొంతు కలపడం అని పద్ధతి పెట్టుకున్నాం. ఆ పద్ధతి మాకు ఎవరూ నేర్పలేదు. అవసరం ఉండి, పక్కన విసుక్కోని మనిషి ఒకరు ఉంటే 80 ఏళ్లకైనా వస్తుంది.

ఆ విసుక్కోని మనిషే దొరకడం లేదు. దేశంలో డిజిటల్ అక్షరాస్యత కోసం 2017లో మొదలుపెట్టిన పెద్ద పథకం, పీఎంజీదిశ, గ్రామాల కోసమే పెట్టింది. అందులోనూ వయసు 14 నుంచి 60 వరకే. అరవై దాటాక నేర్చుకునేదేముందని అనుకున్నారో ఏమో! పట్నంలో ఉన్న పెద్దవాళ్లం రెండు విధాలా బయటే ఉండిపోయాం.

చట్టం కూడా మావైపే ఉందని వినయంగా మనవి చేస్తున్నాను. సమాజ సాంస్కృతిక జీవితంలో పాలుపంచుకోవడం ప్రతి మనిషి హక్కు అని 1948 నాటి మానవ హక్కుల ప్రకటన 27వ అధికరణలో ఉంది. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చే జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పింది. అది బ్యాంకు కేవైసీ చేయించుకోలేకపోయిన యాసిడ్ దాడి బాధితుల, చూపులేనివారి కేసులో వచ్చిన తీర్పు. గేటు దగ్గర నిలబడిపోయిన మా మాస్టారి కష్టం దానికి మరీ దూరమైనది కాదని నా అభిప్రాయం.

ఇక మేం అడుగుతున్నవి ఇవి.

1. ఏ సభకైనా, నాటకానికైనా ఫోను ఒక దారిగా ఉండాలి, అదొక్కటే దారి కాకూడదు. 60 దాటినవారికి గేటు దగ్గర పేరు రాసుకుని పంపండి. ప్రతి పది కుర్చీల్లో ఒకటి మొదలయ్యే సమయం వరకూ అలా ఆపి ఉంచండి, తలుపుకి దగ్గరగా. నమోదుకి లింకుతోపాటు మనిషి ఎత్తే ఒక ఫోన్ నంబరు పెట్టండి. దీనికి పైసా ఖర్చు లేదు, రేపటి నుంచే చేయవచ్చు.

2. ప్రభుత్వ డబ్బుతో నడిచే హాళ్లలో, ప్రభుత్వ సాయంతో జరిగే కార్యక్రమాల్లో ప్రత్యక్ష ప్రసారం తిరిగి మొదలుపెట్టండి. పెద్ద కెమెరాలు మాకు అక్కర్లేదు. స్టాండు మీద ఒక ఫోను చాలు, కానీ ధ్వని మాత్రం హాల్లోంచి కాకుండా సౌండ్ మిక్సర్ నుంచి నేరుగా తీసుకోవాలి. బొమ్మ మసకగా ఉన్నా సర్దుకుంటాం, మాట మసకబారితే ఏమీ మిగలదు. మాలో కొందరు ఎనిమిదింటికే పడుకుంటారు కాబట్టి రికార్డింగు కనీసం నెల రోజులు ఉంచండి. కళాకారుల అనుమతి తీసుకుని, ప్రసారానికి వాళ్లకి విడిగా పారితోషికం ఇవ్వండి. వాళ్ల పొట్ట కొట్టి మేం వినాలనుకోవడం లేదు. ఇంకో మాట, ప్రసారం ఉంది కదా అని ర్యాంపులు, చేతికడ్డీలు మర్చిపోవద్దు. రాగలిగినవాళ్లకి హాలే కావాలి. పక్క కుర్చీలో కూర్చున్న మనిషిని ఏ ఫోనూ ఇవ్వలేదు.

3. ఊళ్లో ఒక్క ఆడిటోరియంలోనైనా ఏడాదిలోగా హియరింగ్ లూప్ పెట్టండి. హాలు నేల చుట్టూ వైరు వేస్తారు. మైకులోకి వచ్చిన ధ్వని ఆ వైరు ద్వారా అయస్కాంత క్షేత్రంగా మారుతుంది. టెలీకాయిల్ అనే చిన్న తీగచుట్ట ఉన్న వినికిడి మిషను దాన్ని నేరుగా అందుకుంటుంది, చుట్టూ ఉన్న హోరు మధ్యలోకి రాదు. ఇది కొత్త వింతేమీ కాదు, చాలా దేశాల్లో థియేటర్లలోనూ ప్రార్థనా మందిరాల్లోనూ ఉంది. కళాభారతి, గురజాడ కళాక్షేత్రం లాంటి వేదికలున్న ఊరికి ఇది భారమని నేననుకోను. సాహిత్య సభల్లోనైతే వక్త మాటలు తెర మీద తెలుగు అక్షరాల్లో వచ్చే ఏర్పాటు చేసి చూడండి. తప్పులు వస్తాయి, వచ్చినా మాకు ఉపయోగమే.

4. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మన మిత్ర వాట్సాప్ సేవలో నగరంలోని కార్యక్రమాల జాబితా కూడా చేర్చండి. వారానికోసారి, చదివి వినిపించే గొంతుతో పంపండి. ప్రభుత్వ నంబరు నుంచి వస్తే మేం భయపడకుండా తెరుస్తాం. ఫోను లేనివాళ్ల కోసం అదే జాబితా పెద్ద అక్షరాల్లో వార్డు సచివాలయం గోడ మీద, గ్రంథాలయం బోర్డు మీద అంటించండి.

5. వార్డు సచివాలయాల్లో, గ్రంథాలయాల్లో వారానికి ఒక మధ్యాహ్నం పెద్దవాళ్లకి ఫోను నేర్పే ఏర్పాటు చేయండి. నిర్వహించే పద్ధతి గురించి టీచరుగా కాస్త చెప్పనివ్వండి. ఎవరి ఫోను మీద వాళ్లకే నేర్పాలి, ఎందుకంటే ఇంకో ఫోన్లో బొమ్మలు వేరే చోట ఉంటాయి. ఒక రోజుకి ఒక్కటే నేర్పాలి. నేర్పేవాళ్లు ఫోను చేతిలోంచి లాక్కుని తాము చేసి ఇవ్వకూడదు, నొక్కాల్సింది నేర్చుకునేవారి వేలే. వారం వారం అదే మనిషి రావాలి. కాలేజీల ఎన్ఎస్ఎస్ పిల్లలకి ఈ పని ఇవ్వండి, బదులుగా మేం వాళ్లకి పద్యాలు నేర్పుతాం. మోసపు లింకులు ఎలా ఉంటాయో మొదటి రోజే చెప్పాలి.

6. మా తరం పాటలు, కథలు, జ్ఞాపకాలు రికార్డు చేసే పని నగర స్థాయిలో మొదలుపెట్టండి. ఇళ్లకే రావాలి, మామ్మగారు మెట్లు దిగలేరు. పాడినవాళ్ల పేరు, ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాసుకోవాలి. వాళ్ల అనుమతి లేకుండా బయట పెట్టకూడదు, ఒక కాపీ ఆ ఇంటికి ఇవ్వాలి. గ్రంథాలయంలో ఎవరైనా వచ్చి వినేలా ఉంచాలి. మిగతా కోరికలు ఒక ఏడాది ఆలస్యమైనా ఓర్చుకుంటాం, ఇది మాత్రం ఆగదు. పోయినేడాది మా గుంపులో 25 మందిమి ఉండేవాళ్లం.

7. కొత్త యాప్ గానీ, టికెట్ పద్ధతి గానీ పెట్టేముందు అయిదుగురు పెద్దవాళ్ల చేత వాడించి చూడండి. పిలిస్తే మేం వస్తాం.

ఈ ఉత్తరం అందిన 30 రోజుల్లో వీటిలో ఏది చేస్తారో, ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో రాతపూర్వకంగా చెప్పమని కోరుతున్నాం. కలిసి మాట్లాడదామంటే మరీ మంచిది. పగటిపూట, కింది అంతస్తులో పెట్టండి. మాలో కనీసం 12 మంది రాగలరు, మిగిలినవాళ్లని వీడియో కాల్‌లో నేను కలుపుతాను. జవాబు కాగితం మీద పంపేటట్టయితే దయచేసి పెద్ద అక్షరాల్లో పంపండి. ముందుగా మాస్టారి చేతికి ఇచ్చి, ఆయన చేత అందరికీ చదివిస్తాను.

ఇట్లు,
సీతమ్మధార పరిసరాల్లోని 23 మంది వయోవృద్ధుల తరఫున,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
విశాఖపట్నం